గ్రేడ్ వేరు, మచ్చ వేరు

శ్రోతలకు నమస్కారం.

మొన్న మా బాబాయి స్కానింగ్ రిపోర్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు. 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అన్న మాట కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు, ఆయనే గీసుకున్నవి. "దీనికి అమెరికాలో మాత్ర వచ్చిందటగా, నిజమేనా?" అన్నాడు.

నిజమే. 2024 మార్చిలో అక్కడ మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ రెస్మెటిరామ్ అనే మాత్రకు అనుమతి ఇచ్చింది. కాలేయానికి కొవ్వు పట్టి వాపు వచ్చే ఈ జబ్బుకు అక్కడ అనుమతి పొందిన మొదటి మందు అదే. దాని కథంటే నాకు చాలా ఇష్టం.

థైరాయిడ్ హార్మోను మనకు తెలిసిందే. కాలేయంలో కొవ్వును ఖర్చు చేయించే పని కూడా దానిదే. అయితే థైరాయిడ్ మాత్ర ఇంకాస్త ఎక్కువ వేసుకుంటే సరిపోదా? సరిపోదు. గుండె దడదడలాడుతుంది, ఎముకలు గుల్లబారతాయి. శాస్త్రవేత్తలు ఇక్కడే కిటుకు పట్టుకున్నారు. ఈ హార్మోను వెళ్లి కూర్చునే పీటలు రెండు రకాలు. గుండెలో ఎక్కువగా ఉండేది ఆల్ఫా పీట, కాలేయంలో ఎక్కువగా ఉండేది బీటా పీట. బీటా పీటనే వెతుక్కుని కూర్చునే మాత్ర తయారుచేస్తే? గుండె జోలికి పోకుండా కాలేయంలో పని జరుగుతుంది. అదే రెస్మెటిరామ్.

ఏడాది వాడి చూస్తే వందలో పాతిక నుంచి ముప్ఫై మందికి కాలేయంలో వాపు సద్దుమణిగింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో పదిమందికి లోపే. మంచి తేడానే, కానీ అందరికీ పనిచేయలేదు. 2025 ఆగస్టులో బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షనుకూ ఇదే జబ్బుకు అక్కడ అనుమతి వచ్చింది. మన దేశంలో సారోగ్లిటజార్ మాత్రకు 2020లోనే వచ్చింది.

మరి బాబాయికి? ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. గ్రేడ్ వేరు, మచ్చ వేరు. స్కానింగులో గ్రేడ్ చెప్పేది కొవ్వు ఎంత పట్టిందని. మచ్చంటే వాపు చాలాకాలం ఉండి కాలేయం లోపల గట్టిపడటం. అమెరికాలో వచ్చిన ఆ రెండు మందులూ కాలేయంలో మచ్చ ఒక మోస్తరుగానో, అంతకు మించో పడినవాళ్లకు, అదీ సిరోసిస్ దాకా, అంటే కాలేయమంతా మచ్చలతో గట్టిపడిపోయే దాకా, పోనివాళ్లకు. అందుకే డాక్టరుగారిని అడగాల్సింది "గ్రేడ్ ఎంత?" అని కాదు, "మచ్చ పడిందా?" అని. దానికి ఫిబ్-4 అనే లెక్క ఉంది. వయసు, రక్తపరీక్షలో కనిపించే కాలేయ ఎంజైములు ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగూ ఉంటే చాలు. అనుమానం వస్తే అప్పుడు కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్.

బాబాయి రక్తపరీక్ష కాగితం అదే కవర్లో ఉంది. ఆయనకు 56 ఏళ్లు. డాక్టరుగారు ఫోన్‌లోనే లెక్క వేస్తే 1.18 వచ్చింది. 1.3 లోపు ఉంటే పెద్ద మచ్చ ఉండే అవకాశం తక్కువ. మాత్ర రాయలేదు. ఎనభై కిలోల మనిషిని ఆరు నుంచి ఎనిమిది కిలోలు తగ్గమన్నారు.

నిన్న సాయంత్రం నడకలో ఉండగానే ఫోన్ చేశాడు. కిలోన్నర తగ్గాడట.