కంచు గిన్నె మోగితే ఒళ్ళు ఎందుకు వదులవుతుంది?

[తెర నల్లగా ఉంటుంది. కంచు గిన్నెను ఒక్కసారి కొట్టిన శబ్దం. అది పూర్తిగా ఆగేదాకా మాట వద్దు.]

ఆ శబ్దం సరిగ్గా ఎప్పుడు ఆగిందో చెప్పగలరా? చెప్పడం కష్టం. ఆగిందనుకున్నాక కూడా ఇంకా వినిపిస్తున్నట్టే ఉంటుంది. సౌండ్ బాత్ కిటుకంతా ఆ చివరి రెండు మూడు సెకన్లలోనే ఉందని నాకనిపిస్తుంది.

[చాప మీద కూర్చుని మాట్లాడుతూ. ముందు గిన్నె, చెక్క కర్ర.]

పేరులో స్నానం ఉంది కానీ నీళ్ళుండవు. చాప మీద వెల్లకిలా పడుకుంటారు, కళ్ళు మూసుకుంటారు, ఒకరు గిన్నెలూ గాంగులూ (వేలాడదీసి కొట్టే పెద్ద లోహపు పళ్ళేలు) మోగిస్తూ ఉంటారు. ఓ గంటసేపు అంతే. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పది నిమిషాలకే గురక పెట్టానట. పక్కావిడ చెప్పింది, కాస్త విసుగ్గానే.

[గిన్నె క్లోజప్. అంచు మీద వేలు.]

ఇది కంచు. రాగిలో తగరం కలిపితే వస్తుంది. గంటలు పోసే కంచులో తగరం ఐదో వంతు దాకా ఉంటుంది. అందుకే అది గట్టిగా, పెళుసుగా ఉంటుంది, ఒక్క దెబ్బ కొడితే చాలాసేపు మోగుతుంది. కంచు మోగినట్టు బంగారం మోగదని మనం బడిలోనే చదువుకున్నాం కదా, ఆ కంచే.

చేత్తో సాగగొట్టిన గిన్నె కంటికి గుండ్రంగా కనిపిస్తుంది కానీ ఎక్కడో కాస్త వంకర ఉండే తీరుతుంది. ఆ వంకర వల్ల ఒక్క దెబ్బకే దాదాపు ఒకేలా ఉండే రెండు స్వరాలు పుడతాయి. ఒకటి సెకనుకు 200 సార్లు, ఇంకోటి 204 సార్లు కంపిస్తున్నాయనుకోండి. కాసేపు ఒకదానికొకటి బలం ఇస్తాయి, కాసేపు ఒకదాన్నొకటి నొక్కేస్తాయి. అలా సెకనుకు నాలుగుసార్లు శబ్దం పెరిగి తగ్గుతుంది. మీకు వినిపించిన ఆ "వూం... వూం..." అదే. తంబురా శ్రుతి చేసేవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. రెండు తీగలకు కొంచెం తేడా ఉంటే ఈ ఊపు వస్తుంది, శ్రుతి కలిసేకొద్దీ నెమ్మదించి మాయమవుతుంది.

సౌండ్ బాత్‌లో మోగించే తెల్లటి స్ఫటిక గిన్నెల కథ ఇంకా తమాషాగా ఉంటుంది. వాటిని ఏ హిమాలయ గుహలోనూ తపస్సు చేసి కనిపెట్టలేదు. కంప్యూటర్ చిప్పుల కోసం సిలికాన్‌ని కరిగించే క్వార్ట్జ్ మూసలే వాటికి మూలం!

మరి పనిచేస్తుందా? 2017లో అమెరికాలో 62 మందిని పెట్టి ఒక అధ్యయనం చేశారు. గిన్నెల శబ్దం విన్నాక టెన్షన్, కోపం, అలసట తగ్గాయని వాళ్ళు చెప్పారు. అయితే పోల్చి చూడటానికి ఊరికే పడుకున్నవాళ్ళ గుంపు అందులో లేదు. గంటసేపు ఫోన్ పక్కన పడేసి పడుకుంటే ఎవరికైనా కొంత తేలికగానే ఉంటుంది. కాబట్టి హాయిగా ఉంటుందంటే ఒప్పుకుంటాను. 528 హెర్ట్జ్, అంటే సెకనుకు 528 సార్లు కంపించే స్వరం, మీ డీఎన్ఏని బాగుచేస్తుందని ఎవరైనా అంటే మాత్రం పర్సు తీయకండి.

[పాత ఆశ్రమం బొమ్మ. గంగ ఒడ్డు.]

మాటలతో నడిపించే విశ్రాంతి ఇంకో దారి. మన దగ్గర దాని పేరు యోగనిద్ర. తొలి ఏకాదశినాడు విష్ణుమూర్తి యోగనిద్రలోకి వెళ్తాడంటాం కాబట్టి మాట చాలా పాతది. ఇప్పుడు మనం చాప మీద చేస్తున్న పద్ధతిని మాత్రం బీహార్‌లోని ముంగేర్‌లో యోగ విద్యాలయం పెట్టిన స్వామి సత్యానంద సరస్వతి 20వ శతాబ్దంలో రూపొందించారు.

ఆయనే చెప్పుకున్న సంగతి ఒకటుంది. రిషీకేశ్‌లో తన గురువు స్వామి శివానంద దగ్గర ఉన్న రోజుల్లో ఒక వేదపాఠశాలకు రాత్రి కాపలా పడేది. తెల్లవారుజామున ఈయన ఒళ్ళెరగకుండా నిద్రపోతుంటే పిల్లలు లేచి మంత్రాలు వల్లించేవారు. కొన్నాళ్ళకు ఒక సభలో అవే మంత్రాలు చదువుతుంటే, ఎన్నడూ నేర్చుకోని ఆయనకు అవన్నీ తెలిసినట్టే ఉన్నాయట. నిద్రలో కూడా ఏదో ఒకటి వింటూనే ఉంటుందా అన్న ప్రశ్న ఆయనకు అక్కడ పట్టుకుంది.

యోగనిద్రలో నడిపించేవాళ్ళ గొంతు కుడిచేతి బొటనవేలితో మొదలుపెట్టి మన ధ్యాసను ఒళ్ళంతా తిప్పుతుంది. బొటనవేలే ఎందుకు? కెనడాలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్, మెలకువగా ఉన్న రోగుల మెదడును సన్నటి కరెంటుతో తాకి, ఏ అవయవం స్పర్శ ఎక్కడ తెలుస్తుందో పటం గీశాడు. అందులో వేళ్ళకూ పెదాలకూ దక్కిన జాగా అంత పెద్ద వీపుకు కూడా లేదు. ఈ వరసకు ఆ పటాన్నే ఆధారంగా చెబుతారు. గిన్నె మన ధ్యాసకు సన్నబడిపోయే దాన్ని ఇస్తే, ఈ గొంతు కదిలిపోయే దాన్ని ఇస్తుంది. ఎక్కడా ఆగకపోవడమే ముఖ్యం. మోకాలి దగ్గర ఆగితే మోకాలి నొప్పి, డాక్టర్ ఫీజు, ఈఎంఐ వరసగా వచ్చేస్తాయి.

చేద్దామా? బండి నడుపుతూ వింటున్నవాళ్ళు ఇక్కడే ఆపేయండి. శబ్దానికి మూర్ఛ వచ్చే అవకాశం ఉన్నవాళ్ళూ గిన్నెల జోలికి వెళ్ళొద్దు. పాత భయమేదైనా పైకి వస్తే కళ్ళు తెరిచేయండి, తప్పేం లేదు. ఆటోప్లే తీసేయండి. లేకపోతే చివర్లో ఏ ప్రకటనో వచ్చి గుండె అదరగొడుతుంది.

[తెర నల్లబడుతుంది. గొంతు నెమ్మదిగా, కానీ సాగదీయకుండా.]

వెల్లకిలా పడుకోండి. అరచేతులు పైకి. వేలును కదపక్కర్లేదు, ధ్యాస తగిలితే చాలు.

కుడి బొటనవేలు. చూపుడు వేలు. మధ్య వేలు. ఉంగరపు వేలు. చిటికెన వేలు. అరచేయి. మణికట్టు. మోచేయి. భుజం. చంక. నడుము. తొడ. మోకాలు. పిక్క. మడమ. కుడి పాదం.

[ఎడమవైపు ఇదే వరస. తర్వాత మూడు శ్వాసల మౌనం.]

ఇప్పుడు గిన్నె మోగుతుంది. దాని వెనకాలే వెళ్ళండి.

[ఒక్క దెబ్బ. శబ్దం సన్నబడి ఆగుతుంది. లోగో వద్దు, సంగీతం వద్దు. తెర ఒక నిమిషం నల్లగానే ఉంటుంది.]