పాస్ అన్న మాటలో ఏముంది

పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో మా బాబాయి నాకు బ్రిడ్జి నేర్పారు. నలుగురు ఆడే పేకాట అది. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జోడీ, ఆటగాళ్లను కూర్చున్న దిక్కు పేరుతోనే పిలుస్తాం. మొదటి రోజే ఆయన నా ముక్కలను బల్ల మీద బోర్లా పెట్టించి, "నీవి నువ్వు చూసుకున్నావు. పడమర కూర్చున్నాయన దగ్గర ఏమున్నాయో ఇప్పుడు చెప్పు" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆట అంతా ఆ ప్రశ్నలోనే ఉందని తెలియడానికి రెండేళ్లు పట్టింది.

మన దగ్గర పేకముక్కలంటే పోలీసు దాడులు, పోగొట్టుకున్న డబ్బు గుర్తుకొస్తాయి. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఇక్కడి బల్లల మీద పైసా ఉండదని తల్లిదండ్రులకు మాట ఇస్తున్నాను. అయితే ఒక సంగతి వినండి. 1967లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు తేల్చింది. అందులోని అదృష్టం పాలు ఎంతో చెప్పడానికి, బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టాన్నే పోలికగా తీసుకుంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్‌ల జోడీ మన దేశానికి స్వర్ణం తెచ్చింది కూడా బ్రిడ్జిలోనే.

ఇక ఆటలోకి వెళదాం. నలుగురూ ఒక్కో ముక్క వేసే విడతను ట్రిక్కు అంటాం. ఏ తురుపుతో ఎన్ని ట్రిక్కులు తెస్తామో ముందు వేలంలో పాడతాం, పాడదలచుకోనివారు పాస్ అంటారు. వేలం గెలిచి ఆడేవారి భాగస్వామి చేయే డమ్మీ, దాన్ని అందరికీ కనబడేలా పరుస్తారు. వేలం ముగిసి, మొదటి ముక్క పడి, డమ్మీ చేయి బల్ల మీద పరిచాక మన చేయి, డమ్మీ కలిపి 26 ముక్కలు, మిగతా 26 ఎదుటి ఇద్దరివి. ఆ 26 వాళ్లిద్దరి మధ్య 1,04,00,600 విధాలుగా పంచబడి ఉండవచ్చు. అంత సంఖ్య చూసి బెదరనక్కర లేదు. ఎదుటివాళ్లు పాడిన ప్రతి పాటా, వేసిన ప్రతి ముక్కా అందులో చాలా వాటిని కొట్టేస్తూ పోతుంది.

మొదటి ముక్కనే తీసుకోండి. తురుపు లేని ఆటలో చాలామంది తమ పొడుగు రంగులో, అంటే ఎక్కువ ముక్కలున్న రంగులో, పైనుంచి నాలుగో ముక్క వేస్తారు. పడమర ఆరు వేశారనుకుందాం. పదకొండులోంచి ఆరు తీసేస్తే ఐదు. మిగతా మూడు చేతుల్లో కలిపి ఆరుకు మించినవి ఐదే ఉన్నాయన్నమాట. డమ్మీలో రాజు, తొమ్మిది, ఏడు, మీ చేతిలో ఆసు, పది ఉంటే లెక్క సరిపోయింది. తూర్పు దగ్గర ఆరును కొట్టే ముక్క ఒక్కటీ లేదు. పదకొండే ఎందుకని విద్యార్థులు అడగాలి. ఆసును పద్నాలుగుగా లెక్కిస్తే ఆరుపైన ఎనిమిది ముక్కలుంటాయి. వాటిలో మూడు ఆ నాలుగో ముక్క వేసినవాడి దగ్గరే ఉన్నాయి. పద్నాలుగులోంచి మూడు పోతే పదకొండు.

ఇంతవరకు పడిన ముక్క చెప్పిన సంగతి. నన్ను ఇన్నేళ్లుగా కట్టిపడేసింది మాత్రం పడని ముక్క, పాడని పాట.

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకెళ్లిన రైతులు ఇక్కడ ఉన్నారు. బేరమాడిన వ్యాపారి ఒక సంగతి చెబుతాడు. గుప్పెడు పత్తి తీసి చూసి, మాట్లాడకుండా ముందుకు నడిచినవాడు ఇంకో సంగతి చెబుతాడు. తేమ ఎక్కువైందని మీకు అప్పుడే తెలిసిపోతుంది. బ్రిడ్జిలో పాస్ అనడం అలాంటిదే.

ఒక ఆట చెబుతాను, వీలైతే రాసుకోండి. మీరు దక్షిణం, ఇస్పేటు తురుపుగా పది ట్రిక్కులు తెస్తానన్నారు. ముక్కలు పంచింది పడమర. మొదటి పలుకు ఆయనదే, పాస్ అన్నారు. మీ చేతిలో ఇస్పేటు రాజు, పది, తొమ్మిది, ఎనిమిది, ఐదు. డమ్మీలో ఆసు, జాకీ, ఆరు, మూడు. రాణి కనబడదు. పడమర ఆఠీను ఆసు, రాజు వరసగా గెలిచి, ఆ వెంటనే డైమన్ ఆసు కూడా వేశారు. మూడు ట్రిక్కులు పోయాయి. ఇంకొకటి పోతే ఓడిపోతారు. ఇస్పేటు రాణి ఎవరి దగ్గరుంది?

తొమ్మిది తురుపులుంటే ఆసు, రాజు కొట్టి రాణి పడుతుందేమో చూడమని పుస్తకాలు చెబుతాయి. మిగిలిన నాలుగూ రెండూ రెండుగా పంపకమయ్యే అవకాశం 40 శాతం, మూడూ ఒకటిగా అయితే 50 శాతం. మరే సమాచారమూ లేనప్పుడు అది మంచి సలహా. కానీ మనకు సమాచారం ఉంది. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి అని పాయింట్లు వేస్తాం కదా. పడమర ఇప్పటికే పదకొండు చూపించారు. రాణి కూడా ఉంటే పదమూడు. పదమూడు ఉన్నవాళ్లు మొదటి పలుకులో పాస్ అనరు. కాబట్టి రాణి తూర్పు దగ్గరుంది. ముందు ఆసు కొట్టి, డమ్మీ నుంచి జాకీ వేయండి. తూర్పు చిన్నది వేస్తే మీరూ చిన్నదే వేసి జాకీని నడవనివ్వండి. అప్పుడు మీ చేయి వణకకూడదు. నాది మొదటిసారి వణికింది, రాజు వేసేశాను, ఆట పోయింది. ముందు లెక్క సరిగానే కట్టాను, చివరి క్షణంలో దాన్ని నమ్మలేదు.

ఒక జాగ్రత్త ఉంది. పదకొండుతోనే పాట మొదలుపెట్టేవాళ్లుంటారు. కొందరు పదమూడైనా ఆగుతారు. ఎదుటి జోడీ ఏ పద్ధతిలో పాడుతుందో అడిగి తెలుసుకునే హక్కు మీకుంది, వాళ్లు దాచకూడదు. అడగడానికి మొహమాటపడకండి.

పంపకం లెక్క మరోటి. ప్రతి చేతిలో పదమూడే ముక్కలు. పడమర దగ్గర ఇస్పేట్లు ఐదు, ఆఠీన్లు మూడు, డైమన్లు నాలుగు తేలితే కళావరు ఒక్కటే. కళావరులో మనకు కనబడని ఆరింటిలో మిగతా ఐదూ తూర్పువే. కనబడని కళావరు రాణి తూర్పు దగ్గర ఉండే అవకాశం ఒకటికి ఐదు పాళ్లు.

ఎదుటివారి ముఖం చూసి కనిపెట్టవచ్చు కదా అని అడుగుతారు. వాళ్లు తటపటాయిస్తే దాన్నుంచి ఏమైనా ఊహించుకోవచ్చు, పొరబడితే నష్టం మీదే. మీ భాగస్వామి తటపటాయింపును మాత్రం వాడుకోకూడదు. అందుకే పెద్ద పోటీల్లో భాగస్వాములు ఒకరికొకరు కనబడకుండా బల్ల మధ్యలో తెర కడతారు. ఆ తెర అంటే నాకు ఎంతో గౌరవం.

ఇప్పుడు వెనుక బల్లల మీద ఇందాక చెప్పిన ఆటే పంచి ఉంది. నలుగురు చొప్పున కూర్చోండి. పడమర చేతిని ఎవరూ తిప్పి చూడవద్దు. ముందు కాగితం మీద ఆయన పదమూడు ముక్కలు మీ అంచనా ప్రకారం రాయండి, తర్వాతే మొదటి ముక్క వేయండి.