ఈనె, ఆకు, గుమ్మం

శ్రోతలకు నమస్కారం.

ఉగాదికి ముందు రోజు సాయంత్రం బజారుకు వెళితే మామిడి కొమ్మలు కుప్పలు పోసి అమ్ముతుంటారు. బేరమాడి ఒక కట్ట కొంటాం, సంచిలో కుక్కుతాం, ఇంటికి తెచ్చి వంటింటి గట్టు మీద పడేస్తాం. తెల్లవారాక తలంటులు, పచ్చడి, పులిహోర హడావుడిలో పడి ఆకుల సంగతి గుర్తొచ్చేసరికి అవి సగం వాడిపోయి ఉంటాయి. వాటినే రెండు కొమ్మలుగా విరిచి గుమ్మానికి దోపి, తోరణం కట్టామని అనుకుంటాం. దోపడం వేరు, కట్టడం వేరు. ఈ పది నిమిషాలూ కట్టడం గురించే చెబుతాను.

ఆకు ఎంపికతోనే సగం పని అయిపోతుంది. మామిడి చిగురు రాగి రంగులో నిగనిగలాడుతూ ఉంటుంది కనుక చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. పొద్దున కడితే మధ్యాహ్నానికి పిండిన గుడ్డలా వేలాడుతుంది. పోనీ అని బాగా ముదురు ఆకు తీసుకుంటే మడత దగ్గర విరుగుతుంది. రెంటికీ నడుమ ఒక ప్రాయం ఉంది. ముదురు పచ్చ రంగు, దళసరి ఆకు, పైన సన్నని మెరుపు. ఆ మెరుపు ఆకు మీది మైనపు పొర. లోపలి తడిని త్వరగా ఆరనివ్వనిది అదే. మామిడాకు ఎండినా ముడుచుకుపోకుండా చాలా రోజులు ఆకారం నిలుపుకోవడానికి ఆ పొర, ఆ దళసరితనమే కారణం.

మా అత్తగారు ఆకును కంటితో కాక చెవితో ఎంచేవారు. ఆకును చెవి దగ్గర పెట్టుకుని తొడిమ వైపు కొంచెం వంచేవారు. టప్పుమంటే పక్కన పడేయడమే. పెళ్ళయిన కొత్తలో నేను ఈ తతంగం చూసి నవ్వాపుకోలేకపోయాను. "నవ్వుతావేమ్మా, నువ్వు ఎంచినవి రేపు సాయంత్రం చూద్దాం" అన్నారావిడ. మరునాడు సాయంత్రం వీధి గుమ్మానికి ఆవిడ కట్టిన తోరణం, పెరటి గుమ్మానికి నేను కట్టిన తోరణం వేలాడుతున్నాయి. నాది చూసి ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

చెట్టు నుంచి కోసుకునే అదృష్టం ఉన్నవాళ్ళు పొద్దెక్కక ముందే కోయండి. తొడిమ ఉంచి కోయాలి. తుంచిన చోట సొన కారుతుంది. అది చర్మానికి తగిలితే మండుతుంది, పొక్కుతుంది. ఆ చేతులతో కళ్ళు నలుపుకోకూడదు. తొడిమలు కిందికి ఉండేలా కాసేపు పెట్టి, సొన ఆగాక తడిగుడ్డతో ఆకులు తుడవాలి. ఎర్రచీమలు ఉంటే మాత్రం ఆ కొమ్మ జోలికి పోవద్దు. ఆకును ఆకుతో కలిపి, తమ పిల్లపురుగులు తీసే దారంతో కుట్టి గూడు కట్టుకునే చీమలవి. ఆకులు కుట్టడంలో మనకన్నా ఎంతో పాతవాళ్ళు. తుడిచిన ఆకులను తడిగుడ్డలో చుట్టి నీడన పెడితే రాత్రంతా తాజాగా ఉంటాయి.

ఇప్పుడు కొలత. మీ ఇంటి వీధి గుమ్మం మూడు అడుగుల వెడల్పు ఉందనుకుందాం. రెండు అంగుళాలకు ఒక ఆకు వేస్తే ఇరవై ఆకులు చాలు. మా ఇంట్లో బేసి సంఖ్య అలవాటు కనుక ఇరవై ఒకటి వేస్తాం. నడుమ కాస్త వంపు తిరిగి వేలాడాలి, రెండు వైపులా మేకులకు చుట్టుకోవడానికి కొస మిగలాలి. అందుకని పురికొస అయిదున్నర అడుగులు కత్తిరించుకోండి. అరటి నార వాడేటట్లయితే ముందు నీళ్ళలో నానబెట్టాలి, పొడిగా ఉంటే ముడి వేసేటప్పుడే తెగుతుంది.

ఆకును నున్నటి వైపు మీకు కనబడేలా, కొన కిందికి ఉండేలా పట్టుకోండి. పురికొసను తొడిమకు రెండు అంగుళాల కింద, ఆకు వెనక అడ్డంగా ఆనించండి. తొడిమ వైపు భాగాన్ని పురికొస మీదుగా వెనక్కి మడవండి. ఇక గుచ్చాలి. కొబ్బరి ఈనెను అంగుళంన్నర ముక్కలుగా ముందే విరిచి పెట్టుకుంటే పని చకచకా సాగుతుంది. తెలుగులో తమాషా ఏమిటంటే ఆకు మధ్యలో ఉన్నదీ ఈనే, మనం గుచ్చేదీ ఈనే. ఈ ఈనె ఆ ఈనెను గుచ్చకూడదు. ఆకు ఈనెకు ఒక పక్క నుంచి రెండు పొరల్లోనూ లోపలికి దింపి, వెనకగా పోనిచ్చి, రెండో పక్క నుంచి పైకి తీయాలి, బట్టకు ఒక కుట్టు వేసినట్టు. అప్పుడు ఆకు చీలదు, జారదు.

ఈనెలు ఎవరు వెతుకుతారని ఒక ఏడు నేను స్టేప్లర్ వాడాను. పావుగంటలో పని ముగిసింది, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆకులు ఎండుతున్న కొద్దీ పిన్నులు వదులయ్యి ఒక్కొక్కటే గడప మీద రాలాయి. చెప్పులు విడిచి లోపలికి వచ్చే ఇల్లు కదా, మొదటి పిన్ను మా చిన్నవాడి అరికాలికి దొరికింది. మిగిలినవి వేసవి వానకు తుప్పు పట్టి, తలుపు మీద గోధుమ రంగు చారలు మిగిల్చాయి. చీపురులో ఈనెలకు కరువు లేదని అప్పటి నుంచీ గుర్తుంచుకున్నాను. కొత్త చీపురు సుమా.

పూల విషయానికి వస్తే, తోరణం అనగానే అందరికీ బంతిపూలే తోస్తాయి. బంతి మన పువ్వే అనుకుంటాం కానీ దాని పుట్టిల్లు మెక్సికో. వచ్చి మన గడపల మీద స్థిరపడిపోయింది. దాని మీద నాకు కోపం లేదు. కాకపోతే బరువు ఎక్కువ, ఆకుకో పువ్వు చొప్పున వేస్తే తోరణం నడుము జారుతుంది. మూడు ఆకులకు ఒక పువ్వు చాలు. మల్లెలు గుమ్మానికి కట్టకండి, చైత్రం ఎండకు సాయంత్రానికి గోధుమ రంగు తిరుగుతాయి. వాటి చోటు జడలోనే.

నేనైతే ఆ రోజుల్లో చెట్టు మీద ఏది ఉంటే అదే కట్టాలంటాను. ఉగాది ఏటా ఒకే తేదీన రాదు. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. చంద్రుడి లెక్క ఏటా పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరిగి, అధిక మాసం పడ్డాక మళ్ళీ ముందుకు దూకుతుంది. ఏప్రిల్‌లో వచ్చిన ఏడు వేప కొమ్మ తెస్తే పూత గుత్తులు గుత్తులుగా ఉంటుంది, రెండు ఆకుల నడుమ ఒక్కో రెమ్మ దోపితే గుమ్మంలోకి అడుగు పెట్టేటప్పుడే వాసన తగులుతుంది. మార్చి మధ్యలోనే పండుగ వస్తే పచ్చడిలోకే వేపపూత దొరకడం గగనం, ఇక తోరణానికి ఎక్కడ తేవడం? అప్పుడు ఊరి బయట మోదుగలు ఇంకా ఎర్రగా మండుతుంటాయి, నాలుగు పూలు ఏరుకు రావచ్చు.

మామిడాకులు ఇంటి గాలిని శుద్ధి చేస్తాయని ఫోన్లలో సందేశాలు తిరుగుతుంటాయి. కోసిన ఇరవై ఒక్క ఆకుల నెత్తిన అంత బరువు పెట్టడం అన్యాయం. పచ్చగా ఉన్నాయి, చల్లగా ఉన్నాయి, పండుగ వచ్చిందని వీధికి చెబుతున్నాయి, చాలదా? ప్లాస్టిక్ తోరణాల గురించి కూడా ఒక్క మాట. ఏడాది పొడుగునా అలాగే ఉంటాయని కొంటాం. నిజమే, దుమ్ముతో సహా ఉంటాయి.

అపార్ట్‌మెంట్లలో మరో చిక్కు ఉంది. మేకు కొట్టనివ్వరు, గుమ్మం పైన జాగా ఉండదు, తలుపుకు చూస్తే ఒకటే కొక్కెం ఉంటుంది. అలాంటి చోట తోరణానికి బదులు తీగను గుండ్రంగా చుట్టి చుట్ట కట్టుకోవచ్చు. రెండేళ్ళ కిందట నేను తిప్పతీగతో కట్టాను. కంచెల మీద, వేపచెట్ల మీద పాకే తీగే. చిటికెన వేలు లావున ఉన్న తీగను మూడు బారలు కోసి, ఆకులు దూసి, జానెడున్నర వెడల్పున గుండ్రంగా తిప్పాను. రెండో చుట్టును మొదటిదాని లోపలికీ బయటికీ పెనవేస్తూ పోతే తీగే తీగను పట్టుకుంటుంది, కొసను సందులో దూర్చేస్తే ముడి కూడా అక్కరలేదు. ఇనుప తీగ ఊసే లేదు. దానికి మామిడాకులు ఒకే దిక్కుకు వాలేలా దోపి, సందుల్లో వేప రెమ్మలు, కింద ఒక పిడికెడు వరికంకుల కుచ్చు వేలాడదీశాను.

కుచ్చు పిచ్చుకల కోసం. కోనసీమలో మా అత్తగారింటి వసారాలో కుచ్చు కడితే పిచ్చుకలు దాన్ని ఊయలగా చేసుకుని గింజలు ఒలుచుకునేవి. మూడో అంతస్తు వరండాలోకి పిచ్చుక ఎందుకు వస్తుంది? పావురం వచ్చింది. గింజలు తిని పోయినా బాగుండేది. కంకులు పీకి ఎదురింటి వాళ్ళ గుమ్మం నిండా చల్లింది. పండుగ నాడు వాళ్ళింటి ముందు చీపురు పట్టుకుని ఊడ్చింది నేనే.

నెల తిరిగేసరికి ఆకులు, వేప రెమ్మలు ఎండిపోయాయి. తీసేసి కుండీల్లో మట్టి మీద పరిచాను. చుట్ట మాత్రం ఎందుకో కొక్కేనికే వదిలేశాను. తొలకరి పడిన వారం తరువాత ఒక ఉదయం పాలు తీసుకోబోయి చూస్తే, కోసి మూడు నెలలైన ఆ తీగ మీద, మట్టి లేదు, నీళ్ళు లేవు, గోరంత లేత ఆకు ఒకటి విచ్చుకుని ఉంది. తిప్పతీగకు సంస్కృతంలో అమృత అని పేరు ఉందని తెలుసు కానీ, ఎందుకో ఆ ఉదయమే అర్థమయింది. చుట్టను మెల్లగా విప్పి కుండీలో నాటాను. ఇప్పుడది బాల్కనీ చువ్వలు ఎక్కి పై అంతస్తు వైపు పోతోంది. ఈ ఉగాదికి చుట్ట కావాలంటే అందులో నుంచే మూడు బారలు కోయాలి. పై ఇంటి ఆవిడ నాకన్నా ముందే అడిగి ఉంచారు.

నమస్కారం.