మలేరియా క్రిములు చీటీలు పంపుకుంటాయా?

[తెర: వానాకాలం. సిరొంచ దగ్గర ఒక పల్లె. అరుగు మీద ఆశా తాయి, ముందు టెస్టు కిట్టు]

గోదావరికి ఇవతల కాళేశ్వరం, అవతల గడ్చిరోలి జిల్లా సిరొంచ. బళ్లో మరాఠీ, ఇంట్లో తెలుగు. వానలు పడ్డాయంటే చలిజ్వరాల టెన్షన్ మొదలు.

ఊళ్లో ఆరోగ్యం చూసే ఆశా కార్యకర్త తాయి జ్వరమొచ్చినవాళ్ల వేలికొసన సూది గుచ్చి, ఒక్క రక్తపుచుక్క పట్టీ మీద పెట్టి, ఆపైన మందునీళ్లు వేస్తుంది. కాసేపాగితే గీత తేలుతుంది.

[క్లోజప్: పట్టీ మీద ఎర్రగీత]

ఫాల్సిపేరం అనే మలేరియా క్రిమి మన రక్తంలోకి వదిలే ఒక ప్రొటీన్ దొరికిందని ఆ గీతకు అర్థం. క్రిమి వదిలేది అదొక్కటే అయితే ఈ వీడియో ఇక్కడే అయిపోయేది.

[యానిమేషన్: ఎర్రకణం పగలడం]

ఈ క్రిమి ఏకకణ జీవి. ఎర్రకణంలో దూరి, సుమారు 48 గంటల్లో పిల్లలు పెట్టి, కణాన్ని పగలగొట్టుకుని బయటపడుతుంది. మనకు వణుకు అప్పుడే. కానీ ఎంత పెరిగినా రోగి ఒంట్లోనే ఉండిపోతే దానికి లాభం లేదు, దోమలోకి చేరాలి. దోమలో బతికేది గామెటోసైట్ అనే ఆడ, మగ రూపాలే. చూడ్డానికి కొడవలి వంపు. మరి అలా మారే వేళైందని క్రిమికి ఎవరు చెబుతారు?

2013లో రెండు పరిశోధక బృందాలు ఒక సంగతి బయటపెట్టాయి. క్రిమి సోకిన కణాలు అతి చిన్న సంచులను వదులుతున్నాయి. ఒకరకంగా చీటీలే. అవి అందిన క్రిములు మామూలు కన్నా ఎక్కువగా గామెటోసైట్లుగా మారాయి. ఒక బృందమైతే మందుకు లొంగని జన్యువు కూడా ఈ సంచుల్లో ఒక క్రిమి నుంచి మరో క్రిమికి చేరడం చూసింది. నాకు భయమేసింది ఇక్కడే.

మన ఒళ్లూ తెలియకుండానే కబురు అందిస్తుంది. రక్తంలో లైసోఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే కొవ్వు తగ్గితే (పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు) క్రిమి గామెటోసైట్ దారి పడుతుంది.

[యానిమేషన్: వాసన వైపు దోమ]

ఇక దోమ సంగతి. క్రిమి తయారుచేసే ఒక పదార్థం తగిలితే ఎర్రకణాల నుంచి బొగ్గుపులుసు వాయువు, కొన్ని వాసనలు ఎక్కువగా వస్తాయి. దోమలు అటే పోయాయి, రక్తమూ ఎక్కువ తాగాయి. ప్రయోగం చేసింది ఆఫ్రికా దోమ మీద. మన పల్లెల దోమ వేరే జాతి, కాబట్టి ఇక్కడా అచ్చం ఇంతేనని నేననను.

[తెర: తాయి చేతిలో మాత్రలు]

మాత్రలకు జ్వరం దిగుతుంది, మనిషి పొలానికి పోతాడు. ముదిరిన గామెటోసైట్లు మాత్రం ఇంకా రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. వాటి కోసమే ప్రైమాక్విన్ ఒక్క డోసు. గర్భిణులకు, పసిపిల్లలకు అది ఇవ్వరు. "నెల తప్పావా అమ్మా?" అని తాయి ముందే అడిగేది అందుకే.