రెండూ ఐ7 ల్యాప్‌టాప్‌లే, మరి ఒకటే ఎందుకు కాలిపోతోంది?

ఎవరి ల్యాప్‌టాప్ వేడెక్కినా ఒకటే మాట. "ఐ7 కదా, ఆమాత్రం కాలుతుందిలే!" ల్యాప్‌టాప్ సంగతేమో గానీ, ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

[స్క్రీన్ మీద రెండు పేర్లు: ఐ7-1255యూ, ఐ7-12700హెచ్]

ఇవి చూడండి. రెండూ ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్ చిప్‌లు, రెండూ ఐ7లే. మొదటిదాని బేస్ పవర్, అంటే మామూలు స్పీడులో నిలకడగా లాగేది, 15 వాట్లు, రెండోదానిది 45. టర్బోలో, అంటే స్పీడు పెంచి పరిగెత్తేటప్పుడు, మొదటిది 55 వాట్ల దాకా లాగితే, రెండోది 115 దాకా లాగుతుంది. లాగిన కరెంటంతా ఏమవుతుంది? దాదాపు మొత్తం వేడిగానే బయటికి రావాలి. అంటే వేడి గురించి చెప్పేది ఐ7 అన్న పేరు కాదు, చివరున్న అక్షరం. స్టిక్కర్ మీద వెయ్యనిది అదే!

ఇప్పుడు ఒక నీళ్ల తొట్టి ఊహించుకోండి. పైన కుళాయి, అడుగున తూము. కుళాయి నుంచి పడేవి వాట్లు. తూములోంచి పోయేది ఫ్యాన్ బయటికి తోసే వేడి. తొట్టిలో నీటిమట్టం టెంపరేచర్. మట్టం పెరిగేకొద్దీ ఒత్తిడి పెరిగి తూములోంచి నీళ్లు ఇంకా జోరుగా పోతాయి కదా? చిప్ కూడా అంతే, గదికన్నా ఎంత ఎక్కువ వేడెక్కితే అంత జోరుగా వేడిని వదులుతుంది. పడేదీ పోయేదీ సమానమైన చోట మట్టం ఆగుతుంది.

అందుకే 90 డిగ్రీలు కనిపించగానే టెన్షన్ పడకండి. చాలా ఇంటెల్ చిప్‌లకు తొట్టి అంచు 100 డిగ్రీలు. అక్కడికి రాగానే చిప్ తనంతట తనే కుళాయి కట్టేస్తూ వస్తుంది. దాన్నే థ్రాట్లింగ్ అంటారు. గేమ్ మధ్యలో ఉన్నట్టుండి నత్తనడక మొదలైందంటే చాలాసార్లు కారణం ఇదే.

ఇంకో తిరకాసుంది. కుళాయి ఎంత తిప్పాలన్నది ల్యాప్‌టాప్ తయారుచేసే కంపెనీ ఇష్టం. ఒకే చిప్‌కి ఒకరు తక్కువ వాట్లు ఇస్తారు, ఇంకొకరు బార్లా తెరుస్తారు. నన్నడిగితే బార్లా తెరవడం దండగ. ఎందుకో లెక్క చూడండి. చిప్ తినే పవర్ స్పీడును బట్టి పెరుగుతుంది, వోల్టేజ్‌ని బట్టయితే దాని వర్గంలా పెరుగుతుంది. స్పీడు 10 శాతం తగ్గించి, దాంతోపాటు వోల్టేజ్ కూడా 10 శాతం తగ్గించగలిగితే? 0.9ని మూడుసార్లు గుణిస్తే 0.729. పోయింది 10 శాతం స్పీడు, తగ్గింది 27 శాతం వేడి! కానీ బెంచ్‌మార్క్ అనే స్పీడు పరీక్షల పట్టికలో పైన కనబడాలిగా, అందుకే ఆ చివరి కాస్త స్పీడు కోసం ఇంత వేడి మన ఒళ్లో పోస్తారు.

ఇక తూము. చిప్ మీద నుంచి ఫ్యాన్ దాకా రాగి గొట్టం వెళ్తుంది, హీట్ పైప్. లోపల గాలి తీసేసి, కాసిని నీళ్లు పోసి మూసేస్తారు. చిప్ వైపు ఆ నీళ్లు ఆవిరవుతాయి, ఫ్యాన్ వైపు వెళ్లి చల్లబడి మళ్లీ నీళ్లవుతాయి, గొట్టం లోపలి గోడ వాటిని పీల్చుకుని వెనక్కి తెస్తుంది. చూశారా, నా తొట్టిలో నిజంగానే నీళ్లున్నాయి! లావుపాటి ల్యాప్‌టాప్‌లో ఇలాంటి గొట్టాలు ఎక్కువ పడతాయి, ఫ్యాన్లు పెద్దవి పడతాయి. సన్నటిదాంట్లో తూమే సన్నం.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. దుమ్ము పట్టినా, చిప్ నుంచి గొట్టానికి వేడిని అందించే థర్మల్ పేస్ట్ ఎండినా తూము పూడినట్టే. పరుపు మీద పెడితే అడుగున గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయి. అల్యూమినియం బాడీ వేడిని చేతికి త్వరగా అందిస్తుంది, అందుకే అంతే వేడిగా ఉన్న ప్లాస్టిక్ కన్నా ఎక్కువ కాలినట్టుంటుంది. 2020లో ఆపిల్ ఎం1 చిప్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌కి ఫ్యానే లేదు, బాడీయే తూము. చాలాసేపు బరువైన పనిచేస్తే స్పీడు తగ్గించుకుంటుంది.

విండోస్ వాడేవాళ్లు పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ కనిపిస్తే, 100 తీసి 99 పెట్టి చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో టర్బో ఆగిపోతుంది. బ్రౌజింగ్‌కీ, టైపింగ్‌కీ తేడా పెద్దగా తెలియదు. వీడియో ఎడిటింగ్‌కి కూర్చున్నప్పుడు మాత్రం మళ్లీ 100కి మార్చుకోండి.