ఆ జిగురు సీసా కాసేపు పక్కన పెట్టండి

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం, మనం రిమోట్‌తో ఎగరేసే ఫోమ్ బొమ్మ విమానాలు విరిగితే ఏ జిగురు వాడాలన్నది. అది చెబుతాను. కానీ దానికంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది, అది చెప్పకుండా ఈ మైకు వదలను.

విమానం కూలీ కూలగానే మైదానంలోనే సూపర్ గ్లూ పూసి మళ్లీ ఎగరేసే అలవాటు మానండి. ఇతరుల చేత చేయించడమైతే అసలే మానండి.

ఆ మధ్య ఒక కుర్రాడి విమానం నేలను గుద్దింది. ముక్కు విరిగింది, రెక్కలు క్షేమం. చుట్టూ చేరినవాళ్లంతా "ఏం కాదు, అతికించెయ్" అన్నారు. అతికించాడు. అతుకు గట్టిగానే ఉంది. కానీ నలిగిన ఫోమ్ మధ్యలో ఉండిపోయి మోటారు కాస్త ఎడమకి తిరిగింది. మోటారును తయారీలోనే కొంచెం కుడికి, కొంచెం కిందికి వంచి బిగిస్తారు. పవర్ పెంచినప్పుడు విమానం ఎడమకి లాగకుండా, ముక్కు పైకెత్తకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. ఆ కోణం పోయింది. ఫుల్ థ్రాటిల్, అంటే మోటారుకి పూర్తి పవర్, ఇచ్చి చేత్తో గాల్లోకి విసిరాడు, విమానం ఎడమకి తిరగబడి రెక్కతో నేలను కొట్టింది. ముక్కుతో పోయేది రెక్క, దాని పలకల్ని కదిపే సర్వో, బ్యాటరీ దాకా వచ్చింది. ఆ కుర్రాడు మళ్లీ మైదానంలో కనిపించలేదు. విమానం పోయినందుకు కాదు నా బాధ, పిల్లాడు పోయాడు. తొందరపెట్టినవాళ్లు ఇక్కడుంటే ఏమీ అనుకోకండి, కానీ ఇంకోసారి అలా అనకండి.

మరి ఏం చేయాలి? విమానం పడగానే థ్రాటిల్ కిందికి. దగ్గరికెళ్లి ముందు బ్యాటరీ తీయండి, చేతిలోని ట్రాన్స్‌మిటర్ ఆ తర్వాతే ఆపండి. ముక్కలన్నీ ఏరండి, గోరంతది కూడా. ఫోమ్ అంటే అతుక్కున్న చిన్న గింజలే, విరిగిన చోట ఆ గింజల అంచులు ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. వాటిని ఉప్పు కాగితంతో రుద్దారో, ఆ పొందిక మళ్లీ రాదు.

బ్యాటరీ అన్నాను కదా, అక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మనం వాడే లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ, పైకి బాగానే ఉన్నా లోపల పొర దెబ్బతింటే కొంతసేపటి తర్వాత కూడా అంటుకోవచ్చు. కాలే వస్తువులకు దూరంగా, కంటి ఎదురుగా ఉంచండి. ఉబ్బినా, సొట్టపడినా మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు. డిక్కీలో పడేసి ఇంటికి వెళ్లొద్దు. దయచేసి వినండి, ఇది ప్రాణాలతో పని.

నలిగిన ముక్కు ఈపీవో, ఈపీపీ అనే ఫోమ్ రకాలదైతే మరిగిన నీళ్లు మెల్లగా పోయండి. ముందు మోటారు, వైర్లు విప్పేయాలి సుమా. గింజల్లోని గాలి వేడికి వ్యాకోచిస్తుంది. ముడతలు ఒక్కొక్కటే పైకి లేచి, అణిగిపోయిన గింజల గీతలు మళ్లీ కనిపిస్తాయి. థర్మోకోల్ విమానాలకు మాత్రం ఈ పని చేయొద్దు, అది 100 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది.

ఇప్పుడు జిగురు. థర్మోకోల్‌ని మామూలు సూపర్ గ్లూ తినేస్తుంది, దానికి ఫోమ్ సేఫ్ రకమే వాడాలి. ఈపీవోకి మామూలుది చాలు. ఈపీపీ వంగే రకం కాబట్టి ఆరాక కూడా సాగే కాంటాక్ట్ సిమెంట్ మేలు. పాలియురెథేన్ జిగురు తడి తగిలితే పొంగుతుంది, ఖాళీలు నింపుతుంది. కానీ పొంగేటప్పుడు ముక్కల్ని తోసేస్తుంది కాబట్టి ఆరేదాకా టేపుతో కదలకుండా బిగించాలి. ఎపాక్సీ బలమైనదే కానీ బరువు. తోక దగ్గర దాన్ని ధారాళంగా పోస్తే గరిమనాభి, అంటే విమానం బరువు సరిగ్గా తూగే చోటు, వెనక్కి జరుగుతుంది, దాన్ని సరిచేయడానికి ముక్కులో అంతకు రెట్టింపుకు పైగా బరువు పెట్టాల్సి రావచ్చు.

రెక్క మధ్యకి విరిగితే జిగురొక్కటే చాలదు. అతుకుకి రెండు వైపులా దాటేలా గాడి కోసి కార్బన్ రాడ్ కూర్చోబెట్టండి. అడుగున ఫైబర్ టేపు వేయండి, ఎగిరేటప్పుడు సాగే వైపు అదే.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. సర్వో గేర్లు, ప్రొపెల్లర్ పగుళ్ల సంగతి బల్ల దగ్గర చూపిస్తాను. విరిగిన విమానాలు తెచ్చినవాళ్లు ముందుకు రండి. ఎవరూ జిగురు మూత తీయకండి, ముందు మోటారు కోణం చూద్దాం.