సంతకం ఎవరి పేరు మీద? మెయిల్ డీకిమ్ మాడ్యూల్ రివ్యూ

నమస్తే అండి. ఈరోజు టేబుల్ మీద కొత్త ఫోన్ లేదు, డబ్బా విప్పేదీ లేదు. పర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక పాత మాడ్యూల్ (రెడీమేడ్ కోడ్) ఉంది. పేరు మెయిల్ డీకిమ్. జేసన్ లాంగ్ రాశారు. రెండేళ్లుగా వాడుతున్నాను, తిట్టుకున్నాను కూడా, అందుకే ఈ వీడియో.

మన సర్వర్ నుంచి బయటికెళ్లే మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకమే డీకిమ్. సంతకం వేసే ప్రైవేట్ కీ మన దగ్గర, దాన్ని సరిచూసే పబ్లిక్ కీ డీఎన్ఎస్‌లో (డొమైన్ వివరాలు అందరికీ కనిపించే చోట) ఉంటాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఖాతాలకి రోజుకి 5,000 పైన పంపేవాళ్లకి గూగుల్ దీన్ని తప్పనిసరి చేసింది. మీకున్నది ఒకటే డొమైన్, ఒకటే కీ అయితే ఓపెన్ డీకిమ్ అనే రెడీమేడ్ ప్రోగ్రాం పెట్టుకుని హాయిగా ఉండండి, ఈ వీడియోతో పని లేదు.

మా సంగతి వేరు. ఒకే సర్వర్, 14 మంది క్లయింట్లు. బిల్లులకి ఒక సెలెక్టర్ (డీఎన్ఎస్‌లో ఏ కీ చూడాలో చెప్పే పేరు), న్యూస్‌లెటర్లకి ఇంకొకటి, లోపల తిరిగే మెయిల్స్‌కి సంతకమే వద్దు. ఇదంతా ఓపెన్ డీకిమ్ టేబుల్ ఫైల్‌లో రాస్తూ పోతే ఏ లైన్ ఎందుకుందో ఆర్నెల్ల తర్వాత రాసినవాడికే తెలీదు.

ఇక్కడే ఈ మాడ్యూల్ నాకు నచ్చింది. సంతకం వేసే సైనర్‌ని తయారుచేసేటప్పుడు ‘పాలసీ’ అని ఒక ఫంక్షన్ ఇస్తాం. మెయిల్ హెడర్లు (ఫ్రమ్, సబ్జెక్ట్ లాంటి పై లైన్లు) చదవడం అయిపోగానే, బాడీ (అసలు మెయిల్ విషయం) మొదలయ్యే ముందు, మాడ్యూల్ మన ఫంక్షన్‌ని పిలుస్తుంది. డొమైన్, సెలెక్టర్, కీ ఫైల్, అల్గారిథమ్ అన్నీ మనం అక్కడే చెప్తాం. 1 తిరిగిస్తే సంతకం పడుతుంది, 0 ఇస్తే ఊరుకుంటుంది. అంతే. స్క్రీన్ మీద కనిపిస్తోంది చూడండి, నాది మొత్తం 20 లైన్లు.

ఇదిగో, ఈ ఏడో లైన్. నా కొంప ముంచింది ఇదే.

పంపినవాళ్ల డొమైన్ తీసుకోవడానికి ‘మెసేజ్ సెండర్’ అని రాశాను. పేరు చూస్తే సరిగ్గానే ఉంది కదా! ఒకరోజు పొద్దున్నే ఒక క్లయింట్ ఫోన్: "ఏవండీ, మా మెయిల్స్ అన్నీ స్పామ్‌లో పడుతున్నాయట." చూస్తే సంతకం పాస్, డీమార్క్ అనే ఇంకో తనిఖీ ఫెయిల్. రెండు గంటలు టెన్షన్. తీరా చూస్తే వాళ్ల న్యూస్‌లెటర్ ప్రోగ్రాం ‘సెండర్’ హెడర్‌లో మా సర్వర్ డొమైన్ పెడుతోంది. ఆ హెడర్ ఉంటే ‘మెసేజ్ సెండర్’ దాన్నే ఇస్తుంది, ‘ఫ్రమ్’ని కాదు. సంతకంలో ఉన్న డొమైన్‌తో డీమార్క్ పోల్చి చూసేది ‘ఫ్రమ్’లో ఉన్న డొమైన్‌ని. శుభలేఖ కింద పెళ్లివారి పేరు ఉండాల్సిన చోట ప్రింటింగ్ ప్రెస్సువాడి పేరు పడినట్టయింది. ‘మెసేజ్ ఒరిజినేటర్’ అని మార్చాను. ఒక్క మాట మార్చేసరికి అంతా సర్దుకుంది.

తప్పు మాడ్యూల్‌ది కాదు, డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. చదవంది నేనే.

చిరాకులూ ఉన్నాయి. ఫంక్షన్ నడిచేటప్పటికి బాడీ ఇంకా రాదు కాబట్టి, అటాచ్‌మెంట్ చూసి కీ ఎంచుకుందామంటే కుదరదు. మా అప్లికేషన్‌తో ఒక హెడర్ పెట్టించి దాన్నిబట్టి ఎంచుకుంటున్నాం. లైన్ చివర సీఆర్, ఎల్ఎఫ్ (లైన్ అయిపోయిందని చెప్పే కనపడని గుర్తులు) రెండూ ఉండాలి. ఒకటి తగ్గినా బాడీ హ్యాష్ (బాడీ మారిందో లేదో చూసే లెక్క) తేడా కొడుతుంది. ఇంకోటి, నెట్‌లో దొరికే పాత ఉదాహరణల్లో ఆర్‌ఎస్‌ఏ-షా1 అనే పాత అల్గారిథమ్ ఉంటుంది, కాపీ కొట్టకండి. 2018లోనే ఆర్‌ఎఫ్‌సీ 8301 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం దాన్ని వాడొద్దంది. షా256 అని మీరే రాయండి.

నా మార్కులు పదికి ఎనిమిది. పర్ల్ అంటే భయం ఉంటే ఆరు.

పెట్టుకున్నాక మీ జీమెయిల్‌కే ఒకటి పంపుకుని ‘షో ఒరిజినల్’ నొక్కండి. సంతకంలో డీ ఈక్వల్స్ (d=) పక్కన ఉన్న డొమైన్, పైన ఫ్రమ్‌లో ఉన్న డొమైన్ కలిశాయో లేదో చూసి కామెంట్‌లో చెప్పండి.